ఎవరికి చెప్పాలి, ఎవరికి చెప్పక్కర్లేదు

"ఆ సంగతి మాత్రం ఎవరి దగ్గరా ఎత్తకే తల్లీ." చిన్నప్పుడు క్యాన్సర్ వచ్చి తగ్గిన ఆడపిల్ల ఉన్న ఇంట్లో, సంబంధాలు చూడటం మొదలవగానే తల్లి చెప్పే మొదటి జాగ్రత్త ఇది. కొన్ని ఇళ్లలో ఆ జాగ్రత్తా అక్కర్లేదు, ఆ సంగతేమిటో పిల్లకే తెలియదు గనక. మూడేళ్లప్పుడు బ్లడ్ క్యాన్సర్ వచ్చిందనీ, రెండున్నరేళ్లు మందులు వాడారనీ ఆమెకు ఎవరూ చెప్పలేదు. "చిన్నప్పుడు నీకు ఒంట్లో రక్తం లేకపోతే హైదరాబాదులో చూపించాం" అన్నంతవరకే తెలుసు. ఆల్బంలో గుండుతో ఉన్న ఫొటో చూసి అడిగితే తిరుపతి మొక్కు అన్నారు. అది పూర్తిగా అబద్ధం కూడా కాకపోవచ్చు. కీమోకు ఊడిన జుట్టు మళ్లీ వచ్చాక నిజంగానే కొండకు వెళ్లి తలనీలాలు ఇచ్చి ఉంటారు.

ఈ మౌనం మంచిదేనా? పిల్లల క్యాన్సర్ డాక్టర్లను అడిగితే కాదంటారు. వైద్యం అయిపోయినా దాని ప్రభావం ఏళ్ల తరబడి ఉంటుంది, కాబట్టి ఆ మనిషికి తన ఒంటి చరిత్ర తెలియాలి, జీవితాంతం అప్పుడప్పుడూ పరీక్షలు చేయించుకోవాలి అంటారు. తల్లిదండ్రులను అడిగితే, గండం గడిచిపోయింది, ఇక దాని పేరెత్తి పిల్ల బతుకు మీదికి తేవడం ఎందుకు అంటారు. ఇద్దరూ పిల్ల మేలు కోరే మాట్లాడుతున్నారు. అందుకే ఒకరిని మూఢులనీ ఇంకొకరిని మనసు లేనివారనీ తోసెయ్యకుండా రెండు వాదనలూ చివరిదాకా వినాలి.

ఒకప్పుడు ఈ ప్రశ్నే లేదు. 1940ల దాకా లుకేమియా అనే బ్లడ్ క్యాన్సర్ వచ్చిన పిల్లలు నెలల్లో పోయేవారు. 1948లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ అనే డాక్టరు అమినోప్టెరిన్ అనే మందు ఇచ్చి కొందరు పిల్లల్లో జబ్బును కొన్నాళ్లపాటైనా వెనక్కి నెట్టగలిగాడు. ఆ మందు తయారైంది లెడర్లీ లేబొరేటరీస్‌లో, భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన పరిశోధన బృందం చేతిలో. దాని తర్వాత అక్కడినుంచే వచ్చిన మెథోట్రెక్సేట్‌ను ఈ రోజుకీ బ్లడ్ క్యాన్సర్ పిల్లలకు వారం వారం మాత్రగా, వెన్నులో సూదిగా ఇస్తున్నారు. సుబ్బారావు ఆ 1948లోనే కన్నుమూశారు. తాను వెతికిపెట్టిన మందుతో బతికిన పిల్లలు పెద్దవాళ్లయి తల్లులూ తండ్రులూ కావడం ఆయన చూడలేదు. 1962లో మెంఫిస్‌లో తెరిచిన సెయింట్ జూడ్ ఆస్పత్రిలో డొనాల్డ్ పింకెల్ బృందం నాలుగైదు మందులనూ తలకు రేడియేషన్‌నూ కలిపి వాడాక, ఆ దశాబ్దం ముగిసేసరికి సగంమంది పిల్లలు నిలిచే స్థితి వచ్చింది. ఇప్పుడు సంపన్న దేశాల్లో క్యాన్సర్ వచ్చిన పిల్లల్లో నూటికి ఎనభైమందికి పైగా బతుకుతున్నారు. మిగతా దేశాల్లోనూ 2030 నాటికి కనీసం అరవై శాతం మంది బతకాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో లక్ష్యం పెట్టుకుంది.

మన దగ్గర 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక, అంతకుముందు పొలం అమ్మినా చేయించలేని వైద్యం పేద ఇళ్లకు కూడా అందింది. ఆ తొలి ఏళ్లలో నాలుగైదేళ్ల వయసులో కీమో ఎక్కించుకున్న పిల్లలు ఇప్పుడు ఇరవైల్లో ఉన్నారు. ఉద్యోగాలు వెతుక్కుంటున్నారు, పెళ్లిళ్లు చేసుకుంటున్నారు. ఇంతమంది ఒకేసారి ఈ వయసుకు రావడం తెలుగు నేల మీద ఇదే మొదటిసారి. అందుకే ఇళ్లలో గుసగుసగా ఉన్న ఈ మాటను ఇప్పుడు బయట మాట్లాడుకోవాలి.

ముందు డాక్టర్ల వాదన. అమెరికాలో 1970-86 మధ్య క్యాన్సర్‌కు వైద్యం పొందిన పిల్లలను పెద్దయ్యేదాకా గమనించిన ఒక పెద్ద అధ్యయనం ఉంది. అందులో పదివేలమందికి పైగా లెక్క తీసి 2006లో ప్రచురించారు. వాళ్లలో 62 శాతం మందికి ఏదో ఒక దీర్ఘకాలిక ఆరోగ్య సమస్య ఉంది. నూటికి 27 మందికి అది తీవ్రమైనదో ప్రాణం మీదికి వచ్చేదో. సొంత అన్నదమ్ములతో, అక్కచెల్లెళ్లతో పోలిస్తే తీవ్రమైన సమస్య వచ్చే అవకాశం ఎనిమిది రెట్లు. జబ్బును చంపిన మందులూ కిరణాలే ఆరోగ్యంగా ఉన్న అవయవాలకు కూడా కొంత నష్టం చేస్తాయి. ఆ నష్టం పదేళ్లకో పాతికేళ్లకో బయటపడుతుంది.

ఏ నష్టం అన్నది ఏ మందు వాడారన్నదాన్ని బట్టి ఉంటుంది. సిస్‌ప్లాటిన్ వినికిడిని తగ్గిస్తుంది. సైక్లోఫాస్ఫమైడ్, ఐఫాస్ఫమైడ్ ఎక్కువ మోతాదులో వాడితే సంతానం మీద దెబ్బ. నెలల తరబడి వాడిన స్టెరాయిడ్లు తుంటి ఎముకను తినేయగలవు. తలకు కరెంటు (రేడియేషన్) పెడితే ఎదుగుదల మందగించడం, చదువులో వేగం తగ్గడం. ఛాతీకి కరెంటు పెట్టించుకున్న ఆడపిల్లల్లో యాభై ఏళ్లు వచ్చేలోపు రొమ్ము క్యాన్సర్ వచ్చే అవకాశం నూటికి ముప్పై దాకా ఉంటుందని తేలింది. అలాంటివారికి పాతికేళ్ల నుంచే, లేదా కరెంటు పెట్టిన ఎనిమిదేళ్ల తర్వాతి నుంచి, ఏది ఆలస్యమైతే అప్పటినుంచి, ఏటా రొమ్ము పరీక్షలు చేయాలంటున్నారు. మామూలు ఆడవాళ్లకు ఆ పరీక్షలు నలభై దాటాకే మొదలవుతాయి. తనకు ఛాతీ మీద కరెంటు పెట్టారని తెలియని పిల్ల పాతికేళ్లకు ఆ పరీక్షకు ఎలా వెళుతుంది?

వీటన్నిటిలోనూ నన్ను ఎక్కువ కలవరపెట్టేది గుండె సంగతి. డాక్సోరుబిసిన్ అని ఒక మందు ఉంది. సెలైన్ గొట్టంలో ఎర్రగా దిగుతుంది, పిల్లకు మూత్రం కూడా ఒక రోజు ఎర్రగా వస్తుంది. వార్డులో ఉన్న తల్లులెవరికీ ఆ రంగు మరుపు రాదు. చాలా రకాల క్యాన్సర్లను లొంగదీసే మందు అది, అది లేకపోతే ఎంతోమంది పిల్లలు మిగిలేవారు కాదు. కానీ మొత్తం మోతాదు ఒక హద్దు దాటితే గుండె కండరం బలహీనపడుతుంది. మామూలు పనులు చేసుకుంటున్నంతకాలం ఆ బలహీనత పైకి కనిపించకపోవచ్చు. గర్భంతో ఉన్నప్పుడు గుండె మీద భారం బాగా పెరుగుతుంది, అప్పుడు బయటపడవచ్చు.

ఇప్పుడు ఒక ఆస్పత్రి గదిని ఊహించుకోండి. ఐదో నెల. గైనకాలజిస్టు ముందు కూర్చున్న కోడలి పక్కన అత్తగారు ఉన్నారు. "చిన్నప్పుడు పెద్ద జబ్బులేమన్నా చేశాయామ్మా?" అని డాక్టరమ్మ అడుగుతుంది. అందరినీ అడిగే ప్రశ్నే. తెలిసిన పిల్ల అయితే అత్తగారి మొహం చూసి "ఏమీ లేదండీ" అంటుంది. తెలియని పిల్లా "ఏమీ లేదండీ" అనే అంటుంది. రెండు చోట్లా డాక్టరమ్మ కార్డు మీద రాసేది ఒకటే. గుండెకు ఒక్క ఎకో పరీక్ష తీయిస్తే తెలిసిపోయే విషయం అక్కడే ఆగిపోతుంది. ఎనిమిదో నెలలో ఆయాసం వస్తే గర్భిణులకు మామూలేలే అనుకుంటారు.

తెలియకపోవడం మన దగ్గరే ఉన్న జబ్బు కూడా కాదు. అన్నీ విప్పి చెబుతారని మనం అనుకునే అమెరికాలోనే, చిన్నప్పుడు క్యాన్సర్ తగ్గి పెద్దవాళ్లయిన 635 మందిని ప్రశ్నించి 2002లో ప్రచురించిన అధ్యయనంలో, పాత వైద్యం వల్ల ముందుముందు తీవ్రమైన ఆరోగ్య సమస్య రావచ్చని తెలిసినవారు 35 శాతమే. తమకు ఏ జబ్బు వచ్చింది, ఏ వైద్యం జరిగింది అన్నది కాగితం మీద రాసి ఇచ్చారని చెప్పినవారు 15 శాతం.

ఇక కన్నవాళ్ల వైపు. వాళ్ల భయానికి ఆధారం లేదని అనేవారు మన ఊళ్లలో పెళ్లి సంబంధాలు ఎలా నడుస్తాయో చూడని వారై ఉండాలి. మగపెళ్లివారు ఎంక్వయిరీ చేయిస్తారు. కిరాణా కొట్టులో అడుగుతారు, బడిలో అడుగుతారు, పక్కింటివారిని అడుగుతారు. "ఆ పిల్లకు క్యాన్సరట" అన్న మాట ఒక్కసారి దాటితే అది ఆ పిల్లతో ఆగదు, చెల్లెలి సంబంధం కూడా వెనక్కి పోతుంది. వచ్చింది పదిహేనేళ్ల కిందట, పూర్తిగా తగ్గింది అన్న వివరం ఎవరి చెవినా పడదు. పిల్లను బతికించుకోవడానికి అప్పులపాలై, ఆస్పత్రి వరండాలో చాప వేసుకుని నెలలు గడిపిన తల్లి, ఇంత చేసి చివరికి పిల్ల బతుకు ఒక పుకారు వల్ల పాడవుతుందని భయపడితే తప్పు పట్టడానికి నాకు నోరు రాదు.

పాత జబ్బు మనిషిని వెంటాడుతుందన్న భయం ఇక్కడివారిదే అనుకోనక్కర్లేదు. ఎప్పుడో తగ్గిపోయిన క్యాన్సర్‌ను చూపి బ్యాంకులూ బీమా కంపెనీలూ అప్పు ఇవ్వడానికి అడ్డు చెబుతుంటే ఫ్రాన్స్‌లో 2016లో చట్టమే చేయాల్సి వచ్చింది. వైద్యం ముగిసి కొన్నేళ్లయితే ఆ జబ్బు సంగతి చెప్పనక్కర్లేదన్నది ఆ చట్టం. 2022లో ఆ గడువును ఐదేళ్లకు తగ్గించారు. ఒక దేశం తన చట్టంలోనే ఇది ఇక మీరు చెప్పక్కర్లేదు అని రాసుకుందంటే, మౌనానికీ ఒక న్యాయం ఉందని ఒప్పుకున్నట్టే.

వాళ్ల వైపు ఇంకో బలమైన మాట ఉంది, దాన్ని డాక్టర్లూ కాదనలేరు. పైన నేను చెప్పిన 62 శాతం ఈనాటి పిల్లల లెక్క కాదు. అది రేడియేషన్ విరివిగా వాడిన రోజుల్లో వైద్యం పొందినవారిది. తర్వాత మోతాదులు తగ్గించారు, చాలామంది లుకేమియా పిల్లలకు తలకు కరెంటు పెట్టడం మానేశారు. ఆ మేలు లెక్కల్లోనే కనబడుతోంది. ఐదేళ్లు దాటి నిలిచినవారిలో, పాత జబ్బు తిరగబెట్టడం వల్ల కాక గుండెజబ్బు, రెండో క్యాన్సర్ లాంటి వాటితో, జబ్బు బయటపడ్డ పదిహేనేళ్లలోపు చనిపోయినవారు 1970ల మొదట్లో 3.5 శాతం ఉంటే 1990ల మొదట్లో వైద్యం పొందినవారిలో 2.1 శాతానికి దిగారు. పాత అంకెలు పట్టుకుని నేటి పిల్లలను బెదరగొట్టడం ఏం న్యాయం? పైగా ఏళ్లకు ఏళ్లు ఎకోలు, స్కానింగులు తీయడం వల్ల ఇన్ని ప్రాణాలు నిలిచాయని పక్కాగా తేల్చిన ప్రయోగాలు లేవు. ఆ సూచనల్లో ఎక్కువ భాగం నిపుణులు కూర్చుని, ఉన్న సమాచారాన్ని తూచి రాసినవి. శ్రీకాకుళం జిల్లాలోని ఒక పల్లె నుంచి పెద్దాస్పత్రికి వెళ్లి రావడమంటే రెండు రోజుల కూలి, రైలు ఖర్చు, రిపోర్టు వచ్చేదాకా నిద్ర లేకపోవడం. చీటికీమాటికీ పరీక్షలకు తిప్పితే, తగ్గిపోయిన మనిషి కూడా ఎప్పటికీ రోగిగానే మిగులుతాడన్న మాటలో నిజం ఉంది.

అయితే ఆ వాదన మన పిల్లలకు అలాగే అతకదు. మన దేశంలో బ్లడ్ క్యాన్సర్ పిల్లలకు చాలా ఏళ్లపాటు ఎక్కువగా వాడిన పద్ధతిలో తలకు రేడియేషన్ భాగంగా ఉండేది. ఈ వేళ ఇరవైల్లో, ముప్పైల్లో ఉన్న మనవాళ్లలో కొందరి ఒంటికి పాత అమెరికన్ లెక్కలే దగ్గర. ఇంకొందరికి అవి అసలు సరిపడవు. మొదటి దశలోనే దొరికిన విల్మ్స్ కణితి అనే కిడ్నీ గడ్డకు ఆపరేషన్ చేసి, విన్‌క్రిస్టిన్, ఆక్టినోమైసిన్ రెండే మందులతో సరిపెట్టిన బిడ్డకు గుండె పరీక్షల అవసరం లేదు. మిగిలిన ఒక్క కిడ్నీని చూసుకుంటూ బీపీ, క్రియాటినిన్ పరీక్షలు చేయించుకుంటే చాలా మటుకు సరిపోతుంది. ఎవరు ఏ గుంపులో ఉన్నారన్నది ఊహించి చెప్పగలిగేది కాదు. పాత ఫైలు తెరిస్తేనే తెలుస్తుంది. పిల్లను అనవసరపు పరీక్షల నుంచి కాపాడాలన్నా ఆ ఫైలే కావాలి. కన్నవాళ్ల భయాన్ని నేను ఎంత గౌరవించినా, ఈ ఒక్క చోట వాళ్ల మౌనం వాళ్లు కోరుకునేదానికే అడ్డు తగులుతోంది.

నాకు అర్థమైనంతవరకు ఇక్కడ రెండు మౌనాలు కలిసిపోయాయి. ఊరికి చెప్పకపోవడం ఒకటి, పిల్లకు చెప్పకపోవడం ఇంకొకటి. మొదటిది కుటుంబం ఇష్టం. కిరాణా కొట్టు వాడికీ, పెళ్లిళ్ల పేరయ్యకూ, ఆఫీసులో పక్క సీటు వాళ్లకూ చెప్పి తీరాలని ఏ డాక్టరూ అడగడం లేదు, అడగకూడదు కూడా. రెండోదానికి మాత్రం కన్నవాళ్లకు శాశ్వత హక్కు లేదని నా నమ్మకం. ఆ ఒళ్లు పిల్లది. అందులోకి ఎక్కిన మందుల లెక్క కూడా ఆమెదే. చిన్నప్పుడు దాన్ని అమ్మానాన్నలు దాచి ఉంచారంతే, పెద్దయ్యాక అప్పగించాలి.

అప్పగించడం ఎలా అన్నదే కష్టం. ఒక్క రోజు కూర్చోబెట్టి అంతా కుమ్మరిస్తే పిల్ల తట్టుకోలేదు. ఐదారేళ్ల బిడ్డకు "నీ రక్తంలో చెడ్డ కణాలు చేరాయి, మందులు వాడి తీసేశాం, ఇప్పుడు లేవు" అంటే చాలు. పది పన్నెండేళ్లకు జబ్బు పేరు చెప్పాలి, లేకపోతే ఫోనులో తనే వెతుక్కుని అక్కడ కనిపించిన భయంకరమైనదల్లా తనకే అనుకుంటుంది. పద్దెనిమిదికి ఫైలు చేతికివ్వాలి, డాక్టరు గదిలోకి ఒంటరిగా వెళ్లనివ్వాలి. రెండేళ్ల వయసులోనే అంతా అయిపోయి, ఏ జ్ఞాపకమూ లేని పిల్లల విషయంలో తల్లులకు ఇది ఇంకా కష్టం. బిడ్డకు గుర్తే లేని బాధను తామే గుర్తు చేసినట్టవుతుంది. చెప్పలేకపోవడానికి తల్లుల మనసులోని గాయం కూడా ఒక కారణం. ఆ రోజులు మళ్లీ కళ్ల ముందు తిరగడం, గుండెదడ, నిద్ర చెదరడం బతికిన పిల్లల్లో కన్నా వాళ్ల అమ్మానాన్నల్లోనే ఎక్కువని పరిశోధనలు చెబుతున్నాయి. కాబట్టి చెప్పించే పనిని తల్లి ఒక్కదాని మీదే వదిలెయ్యకుండా, వైద్యం చేసిన డాక్టరో కౌన్సెలరో పక్కన ఉండి చెప్పించాలి.

పెళ్లి సంగతికి వస్తే, కట్టుకోబోయే మనిషికి ముందే తెలియాలనే నేను అంటాను. కానీ అది పెద్దలు కూర్చుని లాంఛనాలు తేల్చుకునే చోట బేరసారాల మధ్య చెప్పే మాట కాకూడదు. ఇద్దరూ మాట్లాడుకునే వీలు దొరికినప్పుడు ఆ అమ్మాయో అబ్బాయో స్వయంగా చెప్పాలి. అబ్బాయో అని కావాలనే అన్నాను. మన ఇళ్లలో ఈ భయమంతా ఆడపిల్లల చుట్టూనే తిరుగుతుంది, మగపిల్లల విషయం అసలు చర్చకే రాదు. చిన్నప్పుడు వాడిన మందుల వల్ల వీర్యకణాలు తగ్గిన అబ్బాయి ఆ సంగతి దాచి, లేదా తెలియక, పెళ్లి చేసుకుంటే ఏమవుతుంది? ఏళ్ల తరబడి భార్యను సంతానం డాక్టర్ల చుట్టూ తిప్పుతారు. గొడ్రాలన్న మాట ఆమె పడుతుంది. దాచినవాళ్లు ఒకరు, శిక్ష మోసేది ఇంకొకరు. ఇక్కడ మౌనం వైపు నాకు ఏ న్యాయమూ కనిపించదు.

చెబితే కొన్ని సంబంధాలు పోతాయి, పోవని నేను అబద్ధం చెప్పలేను. అయితే మగపెళ్లివారి భయాల్లో కొన్నిటికి డాక్టరు దగ్గర జవాబు ఉంది. పుట్టబోయే పిల్లలకూ వస్తుందేమోనన్నది అందులో పెద్దది. పిల్లల బ్లడ్ క్యాన్సర్ మామూలుగా వంశపారంపర్యం కాదు. కీమో, రేడియేషన్ తీసుకున్నవారికి పుట్టిన పిల్లల్లో అవయవ లోపాలు ఆ వైద్యం వల్ల పెరగలేదని వేలమందిని చూసి తేల్చారు. నిజంగా తరం నుంచి తరానికి వచ్చేవి కొన్ని ఉన్నాయి. కంటిపాప తెల్లగా మెరిసే రెటినోబ్లాస్టోమా అనే కంటి క్యాన్సర్ రెండు కళ్లకూ వస్తే అది జన్యువులో ఉన్నట్టే, ప్రతి బిడ్డకూ సగానికి సగం ముప్పు. ఆ చరిత్ర ముందే తెలిస్తే బిడ్డ పుట్టిన రోజుల్లోనే కళ్లు పరీక్షించి, గడ్డ చిన్నగా ఉండగానే చూపు దక్కించవచ్చు. హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ కంటి ఆస్పత్రి లాంటి చోట్ల ఈ వైద్యం మనకు దగ్గర్లోనే ఉంది. దాచిపెడితే ఆ తొలి రోజులు చేజారతాయి.

ఆస్పత్రుల వంతు కూడా ఇందులో ఉంది. ముంబైలోని టాటా మెమోరియల్‌లో 1991 నుంచే వైద్యం ముగిసిన పిల్లల కోసం విడిగా ఒక క్లినిక్ నడుస్తోంది. ఐరోపాలో బతికినవారికి వైద్య చరిత్ర రాసిన పాస్‌పోర్టు లాంటి పత్రం ఇచ్చే పద్ధతి తెచ్చారు. మన దగ్గర వైద్యం చేసినచోట శ్రద్ధ ఉన్నా, పిల్లలు పెద్దయ్యాక వాళ్లు ఏ డాక్టరు మనుషులో తేలదు. పిల్లల డాక్టరుకు వయసు దాటిపోతారు, పెద్దల డాక్టరుకు పాత కథ తెలియదు. అందుకే వైద్యం ముగిసిన రోజున డిశ్చార్జి కాగితాలతోపాటు తెలుగులో ఒక్క పేజీ విడిగా రాసి ఇవ్వాలి. జబ్బు పేరు, ఏ వయసులో, ఏ ఏ మందులు, డాక్సోరుబిసిన్ లాంటివైతే మొత్తం ఎన్ని మిల్లీగ్రాములు, కరెంటు పెట్టి ఉంటే ఎక్కడ, ఎంత, చేసిన ఆపరేషన్లు, ఎక్కించిన రక్తం, ఇక ముందు ఏ పరీక్ష ఎన్నేళ్లకోసారి. మోతాదును బట్టి ఎకో కొందరికి రెండేళ్లకోసారి, కొందరికి ఐదేళ్లకోసారి, కొందరికి అసలు అక్కర్లేదు. అంత తేడా ఉన్న విషయాన్ని "అప్పుడప్పుడూ చూపించుకోండి" అన్న ఒక్క మాటతో పంపించెయ్యకూడదు.

అప్పట్లో అలాంటి పేజీ చేతికి రానివారు ఇప్పుడైనా వైద్యం చేసిన ఆస్పత్రికి వెళ్లి పాత రికార్డు తీయించి రాయించుకోవచ్చు. బీరువా అడుగున ఉన్న ఫైలును ఇప్పుడే ఫొటోలు తీసి పెట్టుకోవడం మంచిది. ఆస్పత్రులు ఏ రికార్డునూ కలకాలం ఉంచవు, ఇంట్లో ఉన్న ఈసీజీ, స్కానింగ్ కాగితాల మీది అచ్చు ఏళ్లు గడిస్తే చెదిరిపోతుంది. పిల్లకు చెప్పే ధైర్యం ఇంకా రాని తల్లిదండ్రులు కూడా ఆ పని ఈ వారమే చేసి పెట్టవచ్చు.